మా రైళ్లవాడు, మా ఆవకాయవాడు

స్నేహితుల పిచ్చి అలవాట్ల గురించి మీరు రాసింది చదువుతుంటే మా రాజమండ్రి బ్యాచ్ గుర్తొచ్చి ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. మావాడొకడికి రైలు నంబర్లన్నీ నోటికొచ్చు. వైజాగ్ నుంచి హైదరాబాద్ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ 12727, తిరుగు బండి 12728 అని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. 2010 చివర్లో నాలుగంకెల నంబర్లను ఐదంకెలు చేసినప్పుడు, తనని అడక్కుండా ఇంటిపేరు మార్చేసినట్టు రైల్వే మీద అలిగాడు. "2727కి ముందు ఒకటి తగిలించారు, అంతే కదరా" అన్నందుకు నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఇంత తెలిసిన మనిషి తన బండి మాత్రం ఎప్పుడూ పరుగెత్తే ఎక్కుతాడు, అదీ చెప్పులు చేత్తో పట్టుకుని!

ఇంకొకడు ఏ హోటల్‌కి వచ్చినా జేబులో చిన్న గాజు సీసాతో ఆవకాయ తెస్తాడు. సర్వర్ చూడకుండా బల్ల కింద మూత తీస్తాడు గానీ, ఆ వాసన దాగుతుందా? ఓసారి పక్క టేబుల్ పెద్దాయన "బాబూ, కాస్త ఇటు కూడా" అని ప్లేటు చాపాడు. మూడోవాడి గురించి రాస్తే చదివి ఫోన్ చేస్తాడు. చేస్తే గంటకి తక్కువ వదలడు. వద్దులెండి.