పెద్దల పక్కన కాసేపు

1983 జూన్ 30 రాత్రి దక్షిణ కొరియా ప్రభుత్వ టీవీ సంస్థ కేబీఎస్ ఒక ప్రత్యేక కార్యక్రమం ప్రసారం చేసింది. 1950-53 నాటి కొరియా యుద్ధంలో చెల్లాచెదురైన కుటుంబాల వాళ్లు స్టూడియోకు వచ్చి తమవారి ఆనవాళ్లు చెప్పుకోవచ్చన్నది ఏర్పాటు. గంటన్నరలో ముగిద్దామనుకున్నారు. జనం వస్తూనే ఉన్నారు. పేరు, ఊరు, తప్పిపోయిన చోటు రాసిన అట్టలు పట్టుకుని బారులు తీరారు. కేబీఎస్ భవనం గోడలు ఆ కాగితాలతో నిండిపోయాయి. చివరికి ఆ ప్రసారం 138 రోజుల్లో 453 గంటలు సాగింది. పదివేలకు పైగా కుటుంబాలు కలిశాయి. నడివయసుకొచ్చిన తోబుట్టువులు చిన్నప్పటి దెబ్బల మచ్చలు చూపించుకుని ఒకరినొకరు పోల్చుకున్నారు.

సరిహద్దుకు ఆవల, ఉత్తర కొరియాలో ఉండిపోయిన వాళ్ల సంగతి ఇంకా కష్టం. తమవారిని కలిపించమని దక్షిణ కొరియాలో 1,30,000 మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. 2000 నుంచి విడతల వారీగా, లాటరీలో పేరొచ్చిన కొద్దిమందికే ఆ అవకాశం దక్కింది. 2018లో చివరిసారి కలిసినప్పుడు మూడు రోజుల్లో వాళ్లకు దొరికింది మొత్తం పది, పన్నెండు గంటలు. ఆరున్నర దశాబ్దాల ఎడబాటుకు అంతే. తర్వాత మళ్లీ ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. నమోదు చేసుకున్న వారిలో సగానికి పైగా ఆ పిలుపు కోసం చూస్తూనే కన్నుమూశారు.

యుద్ధకాలపు తరాల త్యాగం అనగానే మనకు పతకాలు, స్మారక స్తంభాలు, శిలల మీద చెక్కిన పేర్లు గుర్తొస్తాయి. అవి ఉండాల్సిందే. ప్రాణాలిచ్చిన వారి రుణం ఎన్ని స్తంభాలు కట్టినా తీరదు. కానీ బతికి బయటపడిన వాళ్లు పోగొట్టుకున్నది ఏ శిల మీదా కనిపించదు. వాళ్లు పోగొట్టుకున్నది ఇంట్లో వాళ్లతో గడపాల్సిన మామూలు రోజులు. బిడ్డ తొలి అడుగులు, తల్లి చివరి మాటలు, భార్యాభర్తలు పడుచుతనంలో కలిసి ఉండాల్సిన ఏళ్లు. పోయిన ఆస్తిని కొందరైనా మళ్లీ సంపాదించుకున్నారు. పోయిన ఆ రోజులు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939 సెప్టెంబర్ మొదటి మూడు రోజుల్లోనే బ్రిటన్‌లో బాంబు దాడుల భయంతో దాదాపు 15 లక్షల మందిని నగరాల నుంచి పల్లెలకు తరలించారు. ఎక్కువమంది బడి పిల్లలు. బట్టలకు పేరు చీటీ, భుజానికి గ్యాస్ మాస్క్ పెట్టె తగిలించి, తల్లులు వాళ్లను ముక్కూ మొహం తెలియని ఇళ్లకు పంపించారు. బిడ్డ బతకాలంటే దూరం కావాల్సిందేనని ఒప్పుకున్న ఆ తల్లుల గుండె నిబ్బరానికి పతకమేదీ రాలేదు. యుద్ధం ముగిశాక కూడా కొందరి ఎదురుచూపులు ముగియలేదు. సోవియట్ చెరలో ఉన్న చివరి పదివేల మంది జర్మన్ ఖైదీల విడుదలకు 1955లో పశ్చిమ జర్మనీ చాన్సలర్ అడెనావర్ స్వయంగా మాస్కో వెళ్లాల్సి వచ్చింది. పదేళ్లు దాటాక ఇంటికొచ్చిన తండ్రి పిల్లలకు కొత్త మనిషి. ఓడిన దేశం వాళ్లయినా, గెలిచిన దేశం వాళ్లయినా ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయ సైనికులు సముద్రాలు దాటారు. చదువు రాని వాళ్లు పక్కవాడి చేత ఉత్తరాలు రాయించుకునేవారు. వాటిని సెన్సార్ అధికారులు చదివి, నివేదికల కోసం కొన్ని భాగాలు ఇంగ్లిష్‌లోకి మార్పించేవారు. అవి నేటికీ భద్రంగా ఉన్నాయి. భార్యకు చెప్పుకోవాల్సిన మాటను కూడా మూడో మనిషి వినగా చెప్పాల్సి వచ్చిన తరమది.

తిరిగొచ్చిన చాలామంది ఇంట్లో ఆ సంగతులు ఎత్తలేదు. చెప్పి ఇంట్లో వాళ్లను బాధపెట్టడం ఎందుకనుకున్న వాళ్లు కొందరు, చెప్పినా అర్థం కాదనుకున్న వాళ్లు కొందరు. ఇంట్లో వాళ్లూ తర్వాత అడుగుదాంలే అనుకున్నారు. 1945లో పద్దెనిమిదేళ్లున్న కుర్రాడికి ఇప్పుడు వందేళ్లు దగ్గర పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధాన్ని పెద్దవాళ్లుగా చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. మిగిలింది నాటి పిల్లలు. వాళ్లూ ఎనభై ఏళ్లు దాటారు.

అందుకే ఏటా జరిపే నివాళి సభలకన్నా, ఆ పెద్దల పక్కన తీరిగ్గా కూర్చోవడమే ఇప్పుడు ఎక్కువ అవసరమని మేము నమ్ముతున్నాం. దీనికి కుర్రవాళ్లను తిట్టి లాభం లేదు. షిఫ్టులు, దూరపు ఉద్యోగాలు, పరీక్షల టెన్షన్ నడుమ వాళ్లకు మిగిలే టైమే తక్కువ. సెలవు అడిగితే మొహం చిట్లించే యాజమాన్యాలు, ఆదివారం కూడా వదలని చదువులు మారకుండా కుటుంబ విలువల గురించి ఉపన్యాసాలిస్తే సరిపోదు.

అడిగేటప్పుడు జాగ్రత్త కూడా ఉండాలి. ఎంతమందిని చంపావని పిల్లలు అడగకుండా చూడాలి. చెప్పడం ఇష్టం లేదంటే వదిలేయాలి. యుద్ధాన్ని వేడుక చేయడం ఆ తరానికి గౌరవం కాదు. వాళ్లలో ఎంతోమంది తమ పిల్లలకు ఆ గతి పట్టకూడదనే కోరుకున్నారు. ఉత్తరం రాని నెలల్లో ఇల్లు ఎలా గడిచింది, ఎవరు ఆదుకున్నారు, తిరిగొచ్చిన రోజు ఎవరు తలుపు తీశారు... ఇలా ఇంటి సంగతులతో మొదలుపెడితే మాట దానంతటదే సాగుతుంది.

అమెరికా కాంగ్రెస్ 2000లో ఒక చట్టం చేసి, మాజీ సైనికుల జ్ఞాపకాలను సేకరించి దాచే బాధ్యతను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించింది. సామాన్యులు రికార్డు చేసి పంపినా తీసుకుంటారు. ఇలాంటి ఏర్పాటు ప్రతి దేశంలోనూ ఉండాలి. అందులో సైనికులతో పాటు వాళ్ల భార్యలకు, శరణార్థులకు, నాటి పిల్లలకు కూడా చోటివ్వాలి. ప్రభుత్వాలు కదిలేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. పెట్టెలో పాత ఫొటోలుంటే వాటిలో ఎవరెవరున్నారో, ఎప్పుడు తీశారో, ఎక్కడ తీశారో ఆ పెద్దల నోటే చెప్పించి వెనుక పెన్సిల్‌తో రాసి పెట్టుకోవాలి. ఈ వారాంతంలోనే ఆ పని మొదలుపెట్టమని మా పాఠకులను కోరుతున్నాం.