తాత పెట్టిన పరీక్ష

(కావలిలో ఓ ఇంటి వరండా. నర్సింగ్ చదివే మనవరాలికి రేపు మందుల గురించిన ఫార్మకాలజీ పరీక్ష. పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగే పని తాతది. ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైన మనిషి. ఒక్క మాటా ఊరికే పోనివ్వడు.)

తాత: బీపీ ఎంతుంటే ఎక్కువన్నట్టు?

మనవరాలు: వేర్వేరు రోజుల్లో ఆసుపత్రిలో చూసినా 140/90, ఆ పైన ఉంటే.

తాత: నాకు మొన్న 160. తల నొయ్యలేదు, తిరగలేదు. ఇంక బీపీ ఏంది నా మొహం!

మనవరాలు: చాలామందికి ఏమీ తెలియదు తాతా. లోలోపల గుండె, కిడ్నీలు పాడవుతుంటాయి. తర్వాతది అడుగు.

తాత: ఆమ్లోడిపిన్.

మనవరాలు: బీపీ బిళ్ల. రక్తనాళాలను వదులు చేస్తుంది. కొందరికి చీలమండల దగ్గర వాపొస్తుంది.

తాత: (పంచె పైకి లాగి, బొటనవేలితో నొక్కి) చూడు, గుంట పడింది! మీ అవ్వ పులుసులో ఉప్పు వల్లేనని నెల్నాళ్లుగా పోట్లాడుతున్నానే.

మనవరాలు: పాపం అవ్వ! బిళ్ల వల్ల కావచ్చు, గుండె, కిడ్నీల వల్లయినా కావచ్చు. డాక్టరుకి చూపించు. నీ అంతట నువ్వు మానబాక.

తాత: నేనెక్కడ మానాను? తలనొప్పి వస్తే వేసుకుంటాగా.

మనవరాలు: తల నొయ్యదన్నావే ఇందాక?

తాత: అందుకే వేసుకోవడం లేదు.

మనవరాలు: దేవుడా! అది తలనొప్పి బిళ్ల కాదు, రోజూ వేసుకోవాల్సింది. సరే, మెట్‌ఫార్మిన్ చెప్తా, విను. లివరు గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదలడాన్ని తగ్గిస్తుంది. ఏదైనా తిని వేసుకోవాలి, లేకుంటే కడుపులో తిప్పుతుంది.

తాత: నేను తినే వేసుకుంటా. మలై కాజా.

మనవరాలు: షుగరు బిళ్లకి మలై కాజానా!

తాత: నెల్లూరు నుంచి పనిగట్టుకుని తెచ్చినవి పారబోస్తామా? రక్తపరీక్షకి రెండు రోజుల ముందు మానేస్తాలే.

మనవరాలు: హెచ్‌బీఏ1సీ చేయిస్తే రెండు మూడు నెలల షుగరు సగటు బయటపడుతుంది.

తాత: ఇదేం చెకింగే! మా స్క్వాడు కూడా ఆ బస్సు వరకే చూసేది, పాత ట్రిప్పులు తిరగదోడేది కాదు.

మనవరాలు: జేబులో ఆ షీటేంది?

తాత: మోకాళ్లకి. పక్కింటాయన ఇచ్చాడు.

మనవరాలు: డైక్లోఫెనాక్! ఈ నొప్పి బిళ్ల బీపీ పెంచుతుంది, కడుపులో పుండు చేస్తుంది, కిడ్నీలకి చేటు. అవ్వతో చెప్తానుండు.

తాత: ఆగాగు, ఇంకొక్క ప్రశ్న. జలుబుకి యాంటీబయాటిక్ పనిచేస్తుందా?

మనవరాలు: చేయదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. ఎల్‌కేజీ ప్రశ్న!

తాత: మరి నీ పుస్తకంలో ఈ అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్ షీటేంది? ఒక బిళ్ల ఖాళీ. నిన్నంతా తుమ్మింది ఎవరే అమ్మణ్ణీ?

మనవరాలు: అది... పేజీ గుర్తుకి పెట్టుకున్నా. అవ్వా! తాత దొంగచాటుగా...

తాత: అరవబాకే! నూటికి నూరూ వేసేస్తా.