ఇనప కెటిల్‌తో రక్తం పడుతుందా? ఒక టీ ఫార్వర్డ్‌కు జవాబు

ఈ మధ్య ఒక మెసేజ్ ఊరంతా తిరుగుతోంది. ముందు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత కాలేజీ గ్రూపులో వచ్చింది, చివరికి మా మేనమామ కూడా పంపి "నువ్వు ఆ చైనా టీలు తాగుతావుగా, చూడరా" అన్నాడు. "చైనా, జపాన్ టీ కొనేవాళ్ళకు ఆరు రహస్యాలు" అని దాని పేరు. చదివే ఓపిక లేనివాళ్ళకు సారాంశం ఇది. టీ ఎంత పాతదైతే అంత గొప్పది, దాచుకుంటే బంగారంలా ధర పెరుగుతుంది. కిలో కోట్లు పలికే దా హాంగ్ పావో అనే చైనా టీ ఇప్పుడు మనకూ అందుబాటు ధరలో దొరుకుతోంది. యీషింగ్ మట్టి పాత్ర లేకపోతే చైనా టీ రుచే తెలియదు. జపాన్ ఇనప కెటిల్‌లో టీ తాగితే రక్తహీనత పోతుంది. మాచా, అంటే జపాన్ గ్రీన్ టీ పొడి, డబ్బా మీద "సెరిమోనియల్ గ్రేడ్" అని ఉంటేనే కొనాలి. ఏ టీకైనా సలసల కాగే నీళ్ళే పోయాలి, అర నిమిషం ఆగి ఆ మొదటి నీళ్ళు పారబోస్తే కెఫీన్ అంతా పోతుంది. అన్నిటికీ కింద ఒక షాపు లింకు.

మామయ్యకు ఫోన్లో చెప్పబోతే సగంలో సీరియల్ టైమైంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. వీటిలో ఒక్కోదాంట్లో చిటికెడు నిజం ఉంది. ఆ చిటికెడు ఏ టీకి వర్తిస్తుందో చెప్పకుండా అన్నిటికీ పులిమేయడంతోనే వచ్చింది తంటా.

పాతదైతే మంచిదనే మాట చూడండి. పాత బియ్యానికి మన ఇళ్ళల్లో ఎంత పేరున్నా పాత కరివేపాకు ఎవరూ అడగరు. టీలోనూ అంతే. హాంగ్‌జౌ దగ్గర పండే లాంగ్‌జింగ్, జపాన్ సెంచా లాంటి గ్రీన్ టీలకు తాజాదనమే ప్రాణం. లాంగ్‌జింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ ధర పలికేది ఏప్రిల్ 4, 5 తేదీల్లో వచ్చే చింగ్‌మింగ్ పండగకు ముందు కోసిన ఆకు. జపాన్‌లో కొత్త కాపు టీకి షించా అని వేరే పేరే పెట్టుకుని, మన వాళ్ళు కొత్త ఆవకాయ కోసం చూసినట్టు దానికోసం ఎదురు చూస్తారు. ఇవి ఏడాది దాటితే వాసన చచ్చి ఎండుగడ్డిలా తయారవుతాయి. కాబట్టి గ్రీన్ టీ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ సంవత్సరం, ఏ నెలలో కోసింది?" అని. ప్యాకెట్ మీద ప్యాకింగ్ తేదీ ఉండి కోత తేదీ లేకపోతే నేను వదిలేస్తాను.

మరి పాతబడితే బాగుండేది ఏది? ముఖ్యంగా చైనాలోని యునాన్ రాష్ట్రపు పుఎర్ టీ. కొన్ని తెల్ల టీలను, ఊలాంగ్ అనే సగం పులిసిన టీలను కూడా దాస్తారు గానీ పేరంతా పుఎర్‌దే. అందులోనూ రెండు రకాలున్నాయి. షెంగ్ అనేది పచ్చిగా ఒత్తిపెట్టి ఏళ్ళ తరబడి నెమ్మదిగా మారనిచ్చేది. షౌ అనేది 1973 ప్రాంతంలో కున్‌మింగ్ ఫ్యాక్టరీలో మొదలైన పద్ధతి. ఆకును కుప్ప పోసి, నీళ్ళు చల్లి, కప్పి ఉంచితే నెలన్నర, రెండు నెలల్లోనే నల్లగా పులుస్తుంది. అంటే కప్పులో టీ డికాక్షన్‌లా నల్లగా ఉన్నంత మాత్రాన అది ముప్పై ఏళ్ళ సరుకు కాదు, పోయినేడాదిది కూడా కావచ్చు.

ఫార్వర్డ్‌లో ఒక ఫోటో కూడా ఉంది. కాగితంలో చుట్టిన గుండ్రటి పుఎర్ బిళ్ళ, దాని మీద 7542 అని అంకె, కింద "1975 నాటి అరుదైన టీ". ఈ ఒక్క ఫోటో చాలు, రాసినవాళ్ళకు విషయం తెలియదని చెప్పడానికి. 7542లో 75 అంటే ఆ మిశ్రమం తయారు చేసే పద్ధతి ఖరారైన సంవత్సరం, 4 అంటే వాడిన ఆకు గ్రేడు, చివరి 2 మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ గుర్తు. అది వంటకం పేరు లాంటిది. ఆ ఫ్యాక్టరీ ఇప్పటికీ 7542 తయారు చేస్తూనే ఉంది. అది ఎప్పుడు ఒత్తిందో తెలియాలంటే కాగితం వెనక ముద్రించిన తేదీ చూడాలి. పాత బిళ్ళల మీద అదీ ఉండదు, అందుకే ఆ బేరం మనలాంటి వాళ్ళకు కాదు.

బంగారంలా ధర పెరుగుతుందన్న ముక్కకు 2007 చాలు. ఆ ఏడు చైనాలో జనం పుఎర్‌ను షేర్లలా కొన్నారు, ధర ఆకాశానికి పోయింది, ఆ ఏడాదిలోనే కుప్పకూలింది. పైగా దాచడం కూడా ఒక పనే. నేను మొదట కొన్న 357 గ్రాముల బిళ్ళను తెలివిగా వంటింటి అలమారలో పెట్టాను, ఇంగువ డబ్బా పక్కన. ఆర్నెల్లకు విప్పి కాస్తే పులిహోర పోపు గుర్తొచ్చింది.

దా హాంగ్ పావో కథ ఇంకా తమాషా. ఫుజియాన్‌లోని వుయీ కొండల్లో, ఒక బండరాతి గోడ మీద ఆరు తల్లి చెట్లున్నాయి. కోట్ల లెక్కలన్నీ వాటి ఆకు గురించే. 2005లో ఆ ఆకు 20 గ్రాములు వేలంలో 2,08,000 యువాన్లు పలికింది. దాన్ని 50తో హెచ్చవేస్తే కిలో ధర కోటి యువాన్లు దాటుతుంది, ఫార్వర్డ్‌లు రాసేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? కానీ చెట్లను కాపాడటానికి ఆ తర్వాత కోతే ఆపేశారు. చివరి కోతలోని 20 గ్రాములు 2007లో బీజింగ్‌లోని జాతీయ మ్యూజియానికి వెళ్ళాయి. ఈ రోజు ఎవరు ఏ ధరకు అమ్మినా ఆ చెట్ల టీ మాత్రం కాదు. దొరికేది ఆ చెట్ల కొమ్మలు నాటి పెంచిన మొక్కల ఆకు, లేదా వుయీ ప్రాంతపు రకరకాల ఊలాంగ్‌లు కలిపిన మిశ్రమం. అందులో మోసమేమీ లేదు, మంచి మిశ్రమం కమ్మగా ఉంటుంది. కాల్చిన శనగల వాసన, తర్వాత గొంతులో తడిరాయి లాంటి చల్లదనం. తల్లి చెట్ల పేరు చెప్పి డబ్బు అడిగితేనే మోసం.

ఇక యీషింగ్. జియాంగ్సు రాష్ట్రంలోని ఆ ఊరి జిషా మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి, లోపల పూత వేయరు. వాడేకొద్దీ కొద్దిగా టీ వాసన పడుతుంది. మన రాచ్చిప్పలో పులుసు కాచినట్టే. అందుకే ఒక పాత్రలో ఒకే రకం టీ కాయమంటారు. ఇంతవరకు సరే. "ఏళ్ళ తరబడి వాడితే వేడి నీళ్ళు పోసినా టీ అవుతుంది" అనేది మాత్రం కథ. వాసన తగులుతుందేమో, ఉత్త నీళ్ళు టీ అయిపోవు. తట్టితే గంటలా మోగేదే అసలుదన్న పరీక్షా నిలవదు. మోత మట్టి రకాన్ని బట్టి, కాల్చిన వేడిని బట్టి, గోడ మందాన్ని బట్టి మారుతుంది. స్టీలు గ్లాసు కూడా మోగుతుంది కదా!

కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. పేరుమోసిన హువాంగ్‌లాంగ్ కొండ గనులను 2005లో మూసేశారు. మామూలు మట్టికి రంగు రసాయనాలు కలిపి జిషా అని అమ్ముతున్నారని 2010లో చైనా ప్రభుత్వ టీవీ సీసీటీవీయే బయటపెట్టింది. వెయ్యి రూపాయలకు "చేత్తో చేసిన అసలు గని మట్టి" వస్తుందంటే నేను నమ్మను. మొదట కొనేవాళ్ళకు తెల్లటి పింగాణీ గైవాన్ చాలు. గైవాన్ అంటే సాసరు, కప్పు, మూత, అంతే. 100, 120 మిల్లీలీటర్లది తీసుకోండి. పింగాణీ దేన్నీ పీల్చుకోదు, దేన్నీ దాచదు. ఆకు మంచిదో కాదో మొహాన చెప్పేస్తుంది. ఫార్వర్డ్ ఏమో యీషింగ్ పాత్ర లేకుండా రుచే తెలియదంటోంది, నిజానికి నాసిరకం ఆకు గరుకుదనాన్ని కాస్త కప్పిపుచ్చేది ఆ మట్టి పాత్రే.

నాకు ఒళ్ళు మండింది ఇనప కెటిల్ ముక్క దగ్గర. మా పిన్నికి హిమోగ్లోబిన్ తక్కువ. ఆవిడ ఇది చదివి ఆన్‌లైన్‌లో నల్లటి "జపనీస్ ఐరన్ టీపాట్" ఒకటి తెప్పించుకుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, బయటంతా చిన్న చిన్న బొడిపెలు. మూత తీసి లోపల వేలితో రాశాను. నున్నగా గాజులా జారింది. ఎనామిల్ పూత. ఇనుముకూ నీళ్ళకూ మధ్య గాజు గోడ ఉంటే ఐరన్ ఎక్కడి నుంచి దిగుతుంది? పైగా దాన్ని స్టవ్ మీద పెట్టకూడదు, పూత పగులుతుంది. పిన్ని అప్పటికే రెండుసార్లు పెట్టింది.

జపాన్‌లో టెట్సుబిన్ అనే అసలు ఇనప కెటిల్ వేరు. ఇవాటే ప్రాంతంలోని మోరియోకా ఊరు వాటికి ప్రసిద్ధి. లోపల ఎనామిల్ ఉండదు, అది నీళ్ళు కాచడానికే. టీ ఆకు అందులో వేయరు. వేస్తే ఏమవుతుందో మన పాతకాలం వాళ్ళకు బాగా తెలుసు. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసేవాళ్ళు గుర్తుందా? కరక్కాయలో వగరు, అన్నభేదిలో ఇనుము. టీలోనూ ఆ వగరు జాతి పదార్థాలే ఉంటాయి, ఇనుము తగిలితే నల్లబడతాయి. టెట్సుబిన్‌లో కాచిన నీళ్ళలో కొద్దిగా ఇనుము దిగుతుంది, నిజమే. కానీ టీలోని ఆ వగరు పదార్థాలే అన్నం, కూరల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్నవాళ్ళను భోజనంతో పాటు టీ తాగొద్దనేది అందుకే. రక్తం పట్టడానికి టీ తాగడమంటే చిల్లు బిందెలో నీళ్ళు పట్టడమే. పిన్ని మళ్ళీ డాక్టరు రాసిన మాత్రల్లోకి వచ్చింది, ఆ కెటిల్‌లో ఇప్పుడు మనీప్లాంట్ ఉంది.

మాచా మీద వేసే "సెరిమోనియల్ గ్రేడ్" అనే ముద్రకు జపాన్‌లో చట్టం లేదు, ప్రమాణం లేదు. అది ఎక్కువగా విదేశీ మార్కెట్ కోసం పుట్టిన మాట, ఎవరైనా దేని మీదైనా కొట్టుకోవచ్చు. అక్కడి పాత దుకాణాలు ఒక్కో మిశ్రమానికి ఒక పేరు పెట్టి, ఇది చిక్కగా కలిపే కొయిచాకు, ఇది పల్చగా కలిపే ఉసుచాకు అని చెబుతాయి. నీడలో పెంచిన ఆకు ఈనెలు తీసేసి తిరగలిలో విసిరితే గంటకు 40 గ్రాములు కూడా కష్టం. 2024 చివర్లో గిరాకీ తట్టుకోలేక క్యోటోలోని పేరున్న దుకాణాలే మనిషికి ఇన్ని డబ్బాలని పరిమితి పెట్టాయి. అలాంటిది ఇక్కడ కిలోల లెక్కన ఆఫర్‌లో దొరుకుతోందంటే ఆలోచించుకోండి. రంగు చూడండి. నిండు ఆకుపచ్చగా మెరుస్తుందా, గోరింటాకు పొడిలా ఉందా? రెండోదైతే కేకుల్లోకి వాడుకోవచ్చు.

కెఫీన్ సంగతి రెండు ముక్కల్లో తేలుతుంది. అర నిమిషంలో పోయేది కొంచెమే, మిగతాదంతా ఆకులోనే ఉంటుంది. నిద్ర పట్టదని భయమున్నవాళ్ళు సాయంత్రం మానేయడమే దారి.

చివరిది సలసల కాగే నీళ్ళు. వుయీ ఊలాంగ్‌కు, పుఎర్‌కు అది సరైన సలహానే. లాంగ్‌జింగ్‌కు 80 డిగ్రీలు, సెంచాకు 70 నుంచి 80, నీడలో పెంచే జపాన్ గ్రీన్ టీ గ్యొకురోకు 50, 60. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే చేదు, వగరు అంత త్వరగా దిగుతాయి. మనలో చాలామంది గ్రీన్ టీని కషాయంలా ముక్కు మూసుకుని తాగేది ఈ ఒక్క తప్పుతోనే. థర్మామీటర్ అక్కర్లేదు. కాఫీ చల్లార్చినట్టు ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి తిరగబోయండి, ఒక్కోసారికి సుమారు పది డిగ్రీలు తగ్గుతుంది.

అమ్మకు ఒకసారి అలాగే నాలుగుసార్లు తిరగబోసి గ్యొకురో ఇచ్చాను. ఒక గుటక వేసి "ఇదేంట్రా, పప్పుకట్టులా ఉంది" అంది. తప్పేం కాదు, ఆ రుచి కోసమే ఆ తోటను మూడు వారాలు నీడలో పెడతారు. మూడుసార్లు తీశాక మిగిలిన ఆకు మెత్తగా, తోటకూరలా ఉంటుంది, జపాన్‌లో సోయా సాస్ చుక్కలు వేసుకుని తినేస్తారని చెప్పాను. అమ్మ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పెట్టుకొచ్చింది.