గైడుకు దక్కే రెండు గంటలు

ఇటలీలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన ప్రాచీన రోమన్ నగరం పాంపేలో ఏ వీధిలో నిలబడినా ముందు కాళ్ల కిందకు చూడాలి. ఈ అరుగు నుంచి ఆ అరుగుకు దాటేవారి కాలు మురుగులో పడకుండా వీధికి అడ్డంగా ఎత్తైన బండరాళ్లు వేసి ఉంటాయి. వాటి సందుల్లోంచి ఏళ్ల తరబడి బండి చక్రాలు పోయి పోయి, నేలమీద పరిచిన నల్లరాతిలో లోతైన గాడులు పడ్డాయి. మలుపుల దగ్గర రాతి అంచు ఏ వైపు ఎక్కువ అరిగిందో పరిశీలించి, ఏ వీధిలో బండ్లు ఏ దిక్కుకు నడిచేవో పరిశోధకులు చాలావరకు తేల్చారు. ఈ సంగతి తెలిసిన మనిషి పక్కన ఉండి వేలుపెట్టి చూపిస్తే అదొక రద్దీ వీధి అవుతుంది. చూపించేవారు లేకపోతే పాడుబడిన బాట మాత్రమే.

అందుకే జెండా పట్టుకున్న గైడు వెనక నడిచే గుంపును ఎగతాళి చేయడం నాకు ఎన్నడూ సమంజసంగా అనిపించలేదు. ఆ ఎగతాళి కొత్తదీ కాదు. టూర్ల వ్యాపారి థామస్ కుక్ 1841లో ఇంగ్లండులో తన తొలి రైలు విహారాన్ని నడిపి, 1869 నాటికి నైలు నది మీదకు యాత్రికులను తీసుకెళ్లినప్పుడు, అప్పటిదాకా ఈజిప్టు, ఇటలీ తమ సొంతమనుకున్న సంపన్నులు ముక్కు విరిచారు. శిథిలం దానంతటది మాట్లాడదు. ఒంటరిగా తిరిగేవారు కూడా చేతిలో పుస్తకమో ఫోనో పట్టుకుని మరొకరి మాటే వింటారు కాబట్టి, గుంపుగా వెళ్లాలా ఒంటరిగా వెళ్లాలా అన్న వాదనలో పస తక్కువ. విప్పిచెప్పే మనిషికి మనం ఎంత సమయం ఇస్తున్నాం, ఆ సమయంలో ఆయన ఏం చెబుతున్నారు అన్నవే తేల్చుకోవలసిన ప్రశ్నలు.

సమయం తక్కువైనప్పుడు ఆధారం చెప్పడం కుదరదు, కథే చెప్పగలరు. టర్కీలోని ప్రాచీన నగరం ఎఫెసు దీనికి మంచి ఉదాహరణ. అక్కడి పాలరాతి వీధిలో ఒక పలక మీద ఎడమ పాదం గుర్తు, దాని పక్కన ఒక స్త్రీ రూపం చెక్కి ఉన్నాయి. ప్రతి బృందమూ అక్కడ ఆగుతుంది. ఇది వేశ్యాగృహానికి దారిచూపే ప్రకటన అనీ, ఎదురుగా ఉన్న గ్రంథాలయం నుంచి అక్కడికి రహస్య సొరంగం ఉండేదనీ గైడు చెబుతారు, అందరూ నవ్వుతారు, ఫొటో తీసుకుని కదులుతారు. ఆ సొరంగానికి ఆధారం లేదు. గైడు వేశ్యాగృహమని చెప్పే భవనం నిజంగా అదేనన్న మాటను కూడా చాలామంది పండితులు ఒప్పుకోరు.

అసలు విషయం ఆ గ్రంథాలయంలోనే ఉంది. అది కేవలం గ్రంథాలయం కాదు. సెల్సస్ అనే రోమన్ అధికారి జ్ఞాపకార్థం ఆయన కొడుకు క్రీ.శ. రెండో శతాబ్దం తొలినాళ్లలో కట్టించిన సమాధి కూడా. సెల్సస్ శవపేటిక ఆ భవనం అడుగునే ఉంది. ఈనాడు మనం ఫొటోలు తీసుకునే రెండంతస్తుల ముఖభాగం కూలిపోయి నేలమీద ముక్కలుగా పడి ఉండేది. ఆస్ట్రియా పురావస్తు శాస్త్రవేత్తలు 1970లలో ఆ ముక్కలను జతచేసి మళ్లీ నిలబెట్టారు. గూళ్లలోని స్త్రీ విగ్రహాలు నకళ్లు, అసలువి వియన్నాలో ఉన్నాయి. ఇవన్నీ చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. వేశ్యాగృహం కథకు ఒక్క నిమిషం చాలు.

కథలన్నీ కొట్టిపారేయాలని అనడం లేదు. జోర్డాన్‌లోని ప్రాచీన నగరం పెట్రాలో ‘ఖజానా’ అని పిలిచే కట్టడం కొండను తొలిచి చేసిన సమాధి. దాని పైభాగాన ఉన్న రాతి కలశంలో బంగారం దాగి ఉందని నమ్మినవారు దాన్ని పగలగొట్టాలని తుపాకులతో కాల్చారు. ఆ కలశం లోపల ఏ ఖాళీ లేని గట్టి ఇసుకరాయి. తుపాకి గుళ్ల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. నమ్మకం కూడా చరిత్రలో భాగమే, కానీ అది నమ్మకమని చెప్పి మరీ చెప్పాలి.

మంచి గైడుకూ మామూలు గైడుకూ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ‘ఇది మనకెలా తెలిసింది’ అన్న చోట. పాంపేలో గట్టిపడిన బూడిదలో శరీరాలు మిగిల్చిన ఖాళీల్లోకి ప్లాస్టర్ పోసి ఆకారాలు తీసే పద్ధతిని 1863లో పురావస్తు శాస్త్రవేత్త జుసెప్పె ఫియొరెల్లి ప్రవేశపెట్టారు. ‘బంగారు కడియం ఇల్లు’ అనే ఇంట్లో దొరికిన ఒక పెద్ద మనిషి, ఒడిలోని పసిబిడ్డ ఆకారాలను, చేతి కడియాన్ని బట్టి తల్లీబిడ్డలని దశాబ్దాలపాటు చెప్పుకొచ్చారు. ఆ కథ విని కంటతడి పెట్టనివారు తక్కువ. 2024లో వెలువడిన డీఎన్‌ఏ పరిశోధనలో ఆ పెద్ద మనిషి పురుషుడని, ఆ బిడ్డతో ఆయనకు రక్తసంబంధం లేదని తేలింది. చావు ముంచుకొస్తున్న వేళ పరాయి బిడ్డను పక్కన ఉంచుకున్న ఆ మనిషి ఎవరు అన్న ప్రశ్న పాత కథకన్నా బరువైనదని నా అభిప్రాయం. అయితే ప్రశ్నతో ఆగడానికి ధైర్యం ఒక్కటే చాలదు, గడియారం కూడా అనుకూలించాలి.

ఆ గడియారం గైడు చేతిలో ఉండదు. ఇటలీ, గ్రీస్, టర్కీ వంటి దేశాల్లో గైడుగా పనిచేయాలంటే చదువు, పరీక్ష, అధికారిక గుర్తింపు ఉండాలి. ఇంత చదివిన మనిషిని, బృందంతో మొదటి నుంచీ ప్రయాణించే టూర్ మేనేజరు ఒక చోట ఎక్కించుకుని, రెండు గంటలు వాడుకుని, మరో చోట దింపేస్తారు. నలభై మంది బస్సు దిగి, తలలు లెక్కపెట్టుకుని, గైడు మాట వినిపించే చెవి యంత్రాలు సరిచేసుకుని, గేటు దాటేసరికి అందులో కొంత పోతుంది. చివర్లో దుకాణం దగ్గర ఆపే సమయం ముందే ఖాయమై ఉంటుంది. దాన్ని కుదించడం నేను ఎన్నడూ చూడలేదు. కోత పడేది ఎప్పుడూ రాళ్ల దగ్గరే. పాంపేలోకి 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు. ఏథెన్స్‌లోని పురాతన కొండకోట అక్రోపోలిస్‌లోనూ 2023 నుంచి అదే పరిమితి, ప్రవేశానికి నిర్ణీత వేళలు ఉన్నాయి. రాళ్లను కాపాడటానికి ఇవి అవసరమే. కానీ గేటు తలలనే లెక్కపెడుతుంది, లోపల ఎంతసేపు ఆగి చూశారన్న లెక్క దానికి పట్టదు.

జనం ఇంకా కాపురముంటున్న పాత నగరాల్లో లెక్క వేరు. అక్కడ గుంపు ఆగి వినడం కూడా ఎవరి గుమ్మానికో అడ్డమే. వెనిస్ పాత నగరంలో 1951లో సుమారు 1,75,000 మంది నివసించేవారు. ఇప్పుడు 50,000 మంది కూడా లేరు. 2024లో అక్కడ పర్యాటక బృందాన్ని 25 మందికి పరిమితం చేసి, గైడ్లు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని నిషేధించారు. క్రొయేషియాలోని రేవు నగరం డుబ్రోవ్నిక్ 2019 నుంచి ఒకే సమయంలో రెండు క్రూయిజ్ ఓడలు, 4,000 మంది ప్రయాణికులు అన్న హద్దు పెట్టుకుంది. టూరు సంస్థలకు ఇవి ఇబ్బందిగా కనిపించవచ్చు గానీ, ఇరవై ఐదు మంది ఉన్న బృందంలో వెనక నిలబడినవారికి కూడా గైడు ముఖం కనిపిస్తుంది, ప్రశ్న అడగడానికి వీలుంటుంది. ఊరివారి కోసం పెట్టిన నియమం వచ్చినవారికే ఎక్కువ మేలు చేసింది.

ఎఫెసులో చాలా బృందాలు ఎగువ గేటు దగ్గర దిగి, వాలు వెంట నడిచి, దిగువ గేటు దగ్గర బస్సెక్కుతాయి. ఆ దిగువన, పెద్ద రంగస్థలం ముందు నుంచి స్తంభాల వరసల మధ్య ఒక విశాలమైన వీధి పడమటికి పోతుంది. అది రేవు వీధి. నది తెచ్చిన ఒండ్రు పూడి, సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి జరిగిపోవడంతో రేవు చచ్చిపోయింది, దానితో నగరమూ క్షీణించింది. వీధి చివర ఇప్పుడు చిత్తడి నేల, రెల్లు. ఓడలో వచ్చి, మళ్లీ ఓడ అందుకోవలసిన యాత్రికులకు ఆ వైపు తిరిగి ఒక్క వాక్యం చెప్పేలోపే బస్సు హారన్ మోగుతుంది.