బ్రస్సెల్స్‌ను తిట్టదలచిన పార్టీలకు కొన్ని సూచనలు

యూరప్‌లో కొత్తగా సంప్రదాయవాద పార్టీ పెట్టేవారికి జెండా, దేవుడు, కుటుంబం ఎలాగూ సిద్ధంగా ఉంటాయి. చిక్కంతా బ్రస్సెల్స్‌తోనే, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) కేంద్రంతోనే. ఆ ఊరిని ప్రేమించాలా, తిట్టాలా, తిడుతూనే నిధులు పుచ్చుకోవాలా అన్నది మొదటి సభకు ముందే తేల్చుకోవాలి.

ప్రేమించే పద్ధతి జర్మనీ సంప్రదాయవాద పార్టీ సీడీయూది. ఆ పార్టీ ఛాన్సలర్ అడెనావర్ 1957లో ఈయూకు పునాది వేసిన రోమ్ ఒప్పందం మీద సంతకం చేశాడు, తర్వాతి ఛాన్సలర్లలో ఒకడైన కోల్ యూరో కోసం జర్మనీ కరెన్సీ డాయిష్ మార్కునే వదిలేశాడు. ఇందులో వినోదం తక్కువ కనుక ముందుకు పోదాం.

తిట్టే విద్యకు గురుపీఠం బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ. 1973లో దేశాన్ని ఈయూ పూర్వరూపమైన యూరోపియన్ కమ్యూనిటీలో చేర్చిన ప్రధాని హీత్ వాళ్లవాడే. 1975 రెఫరెండంలో ‘ఉందాం’ అని ప్రచారం చేసిన థాచర్ వాళ్లావిడే. కట్టిన సొమ్ములో కొంత తిరిగి ఇవ్వాల్సిందేనని పట్టుబట్టి 1984లో రాబట్టిందీ, ఉమ్మడి మార్కెట్ కోసం 1986లో చాలా విషయాల్లో వీటో వదులుకోవడానికి ఒప్పుకున్నదీ ఆవిడే. ఆ తర్వాత 1988లో బెల్జియంలోని బ్రూజ్ వెళ్లి, బ్రస్సెల్స్ పెత్తనం పెరిగిపోతోందని హెచ్చరించిందీ ఆవిడే. సరిహద్దుల్లేని మార్కెట్ కావాలంటే సరుకుకు ఒకే నిబంధన ఉండాలి, ఆ నిబంధన మీద తగువొస్తే తీర్చే కోర్టూ ఒకటే ఉండాలి. మార్కెట్ కావాలి కానీ కోర్టు వద్దు అనే వాదంతో పార్టీ దశాబ్దాలు నెట్టుకొచ్చింది. 2016 జూన్ 23న 51.9 శాతం ఓటర్లు ఆ వాదాన్ని నిజమనుకుని ఈయూ నుంచి బయటికి పోదామని ఓటేశారు. ఇది ప్రచారకుల తప్పు కాదు, ఓటర్లు మరీ శ్రద్ధగా వినడం వల్ల వచ్చిన అనర్థం.

పరాయి పెత్తనం వద్దనే ఎంపీలకు ఇంకో ఇబ్బంది ఉంది. యూరోపియన్ పార్లమెంటులో గ్రూపు లేనివారికి నిధులూ, మాట్లాడే సమయమూ తక్కువే. గ్రూపు కట్టాలంటే ఇప్పుడు 23 మంది సభ్యులు కావాలి, వాళ్లు ఏడు దేశాల వాళ్లై ఉండాలి. అంటే స్వదేశీ నినాదం ఎత్తుకోవాలంటే ముందు ఆరు విదేశాలను వెతుక్కోవాలి. బ్రిటన్ కన్జర్వేటివ్ నేత కామెరాన్ 2009లో మధ్యేవాద-మితవాద పార్టీల పెద్ద గ్రూపు ఈపీపీని వదిలి పోలండ్, చెక్ పార్టీలతో ఈసీఆర్ అనే కొత్త గ్రూపు కట్టినప్పుడు, కొన్ని దేశాల నుంచి దొరికింది ఒక్కొక్క సభ్యుడే. లెక్క తప్పకుండా వాళ్లందరి ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలి.

తిడుతూ పుచ్చుకునే కళ నేర్వాలంటే హంగరీ వెళ్లాలి. అప్పటి ప్రధాని ఓర్బాన్ పార్టీ ఫిడెజ్‌ను ఈపీపీ 2019లో సస్పెండ్ చేసింది, వెళ్లగొట్టింది మాత్రం కాదు. సభ్యబృందం మొత్తాన్నీ సాగనంపే వీలు కల్పిస్తూ 2021లో గ్రూపు నిబంధనలు మార్చాక ఫిడెజే బయటికి నడిచింది. ఇక 2023 డిసెంబరు 13న ఈయూ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్ హంగరీకి ఆపిన నిధుల్లో సుమారు 1,020 కోట్ల యూరోలకు దారి తెరిచింది. మర్నాడు ఈయూ దేశాధినేతల సమావేశంలో ఉక్రెయిన్ చేరిక చర్చలకు పచ్చజెండా ఊపే వేళకు ఓర్బాన్ గదిలోంచి లేచి వెళ్లాడు. మిగిలిన 26 మంది పని కానిచ్చారు. గదిలో లేనివాడు వీటో వేయలేడు, ఒప్పుకున్నాడని ఇంట్లో ఎవరూ నిందించనూ లేరు. అదే రాత్రి తిరిగొచ్చి ఉక్రెయిన్‌కు ఇవ్వదలచిన 5,000 కోట్ల యూరోల సాయాన్ని అడ్డుకున్నాడు. లోపల ఉన్నవాడికే ఇలాంటి సౌకర్యం. బయటికి పోయిన బ్రిటన్‌కు లేచి వెళ్లడానికి కుర్చీ కూడా లేదు.

ఇటలీ మెలోనీ ఇది బాగా గ్రహించింది. 2014లో యూరో వద్దన్న పార్టీ ఆవిడది. 2022లో గద్దెనెక్కేసరికి కోవిడ్ పునరుద్ధరణ నిధి ఎదురుచూస్తోంది, అప్పటికి ఇటలీ వాటా దాదాపు 19,150 కోట్ల యూరోలు. డబ్బు విడతలుగా వస్తుంది. విడత విడతకూ ఒప్పుకున్న లక్ష్యాలు నెరవేరాయని బ్రస్సెల్స్‌కు కాగితాలు చూపాలి. సార్వభౌమత్వం మీద ఉపన్యాసాలు ఒక విడత ఖాతాలో పడ్డాక, తర్వాతి విడతకు దరఖాస్తు పంపేలోపు పెట్టుకోవడం ఉత్తమం.