ఎరలోని ఖాళీ అంతా ఎపాక్సీతో నింపకండి

రాత్రివేళ పడవ వెనుక గాలం లాగుతూ వాలై (walleye) అనే ఉత్తర అమెరికా మంచినీటి చేపలను పట్టేందుకు, బోలుగా ఉండే ప్లాస్టిక్ ఎరలో ఎల్‌ఈడీ అమర్చి నీరు చొరబడకుండా లోపలి ఖాళీనంతా ఎపాక్సీతో (గట్టిపడే జిగురుతో) నింపేయమని ఒక వ్యాసంలో వ్యాసకర్త సూచించారు. ఆ చివరి సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. అమెరికా, కెనడాల మధ్యనున్న ఏరీ సరస్సులో శరదృతువు రాత్రుల్లో నేనూ అలాగే చేసి చూశాను: నీరైతే చొరబడలేదు గానీ, బరువెక్కిన ఎర తేలే గుణాన్నీ, అటూఇటూ ఊగే నడకనూ పోగొట్టుకుని పుల్లలా వెంట వచ్చింది. ఎల్‌ఈడీని, సన్నని పిన్ను ఆకారంలో దొరికే 3 వోల్టుల లిథియం బ్యాటరీని ఒక చిన్న పారదర్శక గొట్టంలో పెట్టి, దాని మూతికి మాత్రమే రబ్బరు వలయం బిగిస్తే బరువు పెద్దగా పెరగదు, బ్యాటరీ మార్చుకోవడమూ వీలవుతుంది. ఎరుపు కాంతిని నీరు త్వరగా పీల్చేస్తుంది కనుక ఆకుపచ్చ మేలు. వాలై కంటిలో, పిల్లికంటిలో ఉన్నట్టే, వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది కాబట్టి ఆ కాంతి కూడా మసకగా వెలిగితే చాలు. వెలిగే ఎరలపై అమెరికాలో రాష్ట్రానికొక నిబంధన ఉంటుంది, ముందే చూసుకోవాలి. వ్యాసంలో ప్రస్తావనకే రానిది పడవ దీపాల సంగతి: నౌకలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల్లోనూ, అమెరికా దేశీయ జలమార్గ నిబంధనల్లోనూ ఇలా గాలం లాగే పడవ ‘చేపల వేటలో ఉన్న నౌక’ కిందికి రాదు గనుక, మామూలు మరపడవ దీపాలనే వెలిగించాలి.