మొక్క నాటారు సరే, ఆ తర్వాత?

పార్కులో మొక్కలు నాటే రోజు పలుగూ పారల కంటే ఫోన్ కెమెరాలే ఎక్కువ. ఫొటో అయ్యాక వాటి మొహం చూసే నాథుడుండడు.

తప్పు గొయ్యి దగ్గరే మొదలవుతుంది. మట్టితో సహా వేళ్ల ముద్ద ఎంత ఎత్తుంటే గొయ్యి అంతే లోతు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడు రెట్లు ఉండాలి. వీళ్లేమో ఇరుగ్గా, లోతుగా తవ్వి కాండం మొదలు కూడా కప్పెట్టేస్తారు. బెరడు కుళ్లి కొన్నేళ్లకు చెట్టు ఎండితే "తెగులు పట్టింది" అని తేల్చేస్తారు. కుండీలో చుట్టలు చుట్టుకున్న వేళ్లను విడదీయకుండా నాటితే, అవే లావెక్కి కాండానికి ఉరి బిగిస్తాయి.

బతికి బట్టకట్టినదానికి సుందరీకరణ గండం! మొదలు దాకా సిమెంటు, టైల్స్. నీరు పీల్చే సన్నవేళ్లు ఎక్కువగా పై అరమీటరు మట్టిలోనే ఉంటాయి. దాన్ని దిమ్మిస కొట్టి మూసేస్తే వేళ్లకు గాలాడదు, కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వస్తాయి.

గడ్డి కోసే మిషన్ సంగతి సరేసరి. కాండం మొదలు దగ్గర బెరడు చుట్టూ చెక్కుకుపోతే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగే దారే తెగిపోతుంది. కాండానికి తగలకుండా చుట్టూ 5–8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరిస్తే గడ్డీ మొలవదు, మిషనూ దగ్గరికి రాదు. ఆ ఆకుల్నేమో ఊడ్చి మూలన తగలబెడతారు, పైగా అది శుభ్రతట! ఊతకర్ర తాడు ఏడాదికల్లా విప్పాలన్న ధ్యాస ఎవరికుంది? ఇనుప కంచె కాండంలోకి దిగిపోయాక కూడా దానిమీద దాత పేరు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.